బాసర గట్టునుండి కనబడు నీళ్లు: చిత్తడినేలలను గుర్తించిన చరిత్ర

బాసరలో గోదావరి గట్టు మీద నిలిచి చూచువానికి ఒక చిన్న చిక్కు కలుగును. ఆశ్వయుజ మాసమున, నవరాత్రుల వేళ, పిల్లలకు అక్షరాభ్యాసము చేయించుటకు వచ్చిన జనముతో ఊరు నిండియున్నప్పుడు, వానలు బాగుగా కురిసిన సంవత్సరమైనచో, నీరు మెట్లను ఒరసికొని ఆవలి ఒడ్డువరకు ఒకే పలకవలె పరచుకొని యుండును. వైశాఖ మాసమున అదే గట్టు మీద నిలిచినచో మెట్లు పొడిగా తేలియుండును. ఇసుక తిన్నెలు, వాని నడుమ మడుగులు, తేమ వదలని బురద, ఆ బురదపై మొలచిన పచ్చగడ్డి కనబడును. ఇందులో నది యెంత, జలాశయ మెంత, పొల మెంత అని ఎవరైన అడిగినచో, ఏ నెలలో అడుగుచున్నారని మనము తిరిగి అడుగవలసి వచ్చును.

ఈ చిక్కు బాసరకు ఇటీవల వచ్చినదే. 1963 జూలై 26న పోచంపాడు వద్ద జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్టయే నేటి శ్రీరామసాగరము. జలాశయము 1091 అడుగుల పూర్తి మట్టమునకు నిండినప్పుడు దాని వెనుకజలము బాసరను దాటి, మంజీర వచ్చి గోదావరిలో కలియు కందకుర్తి వైపు ఎగబ్రాకును. నీరు వదలినకొలది అది వెనుకకు జరుగును. ఇట్లు సంవత్సరములో కొంతకాలము నీటిక్రింద, కొంతకాలము నీటి అంచున ఉండు భూమిని శాస్త్రజ్ఞులు చిత్తడినేల అందురు.

ఈ మాట మనకు కొత్తది గాని, వస్తువు కొత్తది కాదు. మన భాషలో చిత్తడినేల లన్నిటికిని కలిపి ఒక పేరు లేకపోవుటకు కారణము, ఒక్కొక్క దానికి వేరువేరు పేర్లుండుటయే. చెరువు, కుంట, మడుగు, కొలను, ఊబి, బాడవ, శ్రీకాకుళము వైపున తంపర, ఇవన్నియు నీటికిని నేలకును నడుమనున్న తావులే. పల్లెలోని రైతు వీనిలో ఒకదానిని మరియొకటిగా పొరబడడు. అన్నిటిని ఒక్క చట్టముక్రింద కాపాడవలెనని తలంచినప్పుడే ఒక్క పేరు కావలసివచ్చినది.

ఆ పని ప్రపంచములో 1971 ఫిబ్రవరి 2న జరిగినది. ఇరాను దేశమున కాస్పియన్ సముద్రపు టొడ్డున నున్న రామ్‌సర్ పట్టణములో కొన్ని దేశముల ప్రతినిధులు కూడి ఒక ఒడంబడిక వ్రాసికొనిరి. వారిని కూర్చినది ముఖ్యముగా నీటిపక్షుల విషయమైన ఆందోళన. పక్షికి సరిహద్దులు లేవు. టిబెట్టు, మంగోలియా సరస్సులలో గ్రుడ్లు పెట్టిన చారతల బాతు చలికాలమున హిమాలయములను దాటి మన దేశమునకు వచ్చును. ఒక దేశము కాపాడి మరియొక దేశము ఎండగట్టినచో ఫలము లేదు. ఆ ఒడంబడికలోని నిర్వచనము చాల విశాలమైనది: సహజమైనదైనను, మానవుడు కట్టినదైనను, ఎల్లకాలము నిలుచునదైనను, కొంతకాలమే నిలుచునదైనను, మంచినీరైనను, ఉప్పునీరైనను చిత్తడినేలయే. సముద్రములో సైతము పోటు తీసిన వేళ ఆరు మీటర్లకు మించని లోతుగల భాగము అందులో చేరును. మన దేశము ఈ ఒడంబడికలో 1982లో చేరెను. ఆంధ్రదేశములోని కొల్లేరు 2002లో రామ్‌సర్ పట్టికకెక్కినది. 2025 జూను నాటికి ఆ పట్టికలో భారతదేశపు తావులు 91 కాగా, అందులో తెలంగాణమునుండి ఒక్కటియు లేదు.

చెరువులకు పేరెన్నికగన్న సీమనుండి ఒక్కటియు లేకపోవుట చదువరులకు వింతగా తోచవచ్చును. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము ఆ వింతయే. ముందు చెరువుల కథ కొంత చెప్పి తరువాత దానికి వత్తును.

జలాశయమునకు ఏ తావు తగినది, ఏది తగనిది అని నిర్ణయించు విద్య మనకు పాతదే. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు సంస్కృత శాసన మొకటి కలదు. విజయనగర రాజ్యకాలమున భాస్కరుడను రాకుమారుడు కట్టించిన చెరువునకు సంబంధించినది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసిన సంగతి అందులో నున్నది. అంతకన్న విలువైనది, మంచి చెరువునకు పండ్రెండు సాధనములు, ఆరు దోషములు అని శాసనకర్త యిచ్చిన పట్టిక. జలశాస్త్ర మెరిగినవాడు కావలెను. గట్టి బంకమన్ను గల నేల కావలెను. తీయని నీటి యేరు దూరమునుండి రావలెను. కట్ట రాతితో బిగువుగా, మరీ పొడవు గాకుండ రెండు గుట్టల నడుమ నుండవలెను. గర్భము వెడల్పుగా, లోతుగా నుండవలెను. ఇట్లు సాగును. దోషములలో కట్టనుండి నీరు ఊరుట, చవిటినేల, చెరువు నడుమ తాబేటి వీపువలె మిట్ట యుండుట, నీరు తక్కువై పొలము ఎక్కువగుట, పొలము తక్కువై నీరు ఎక్కువగుట చెప్పబడినవి. ఆరవ దోషము రెండు రాజ్యముల సరిహద్దున నుండుట.

ఈ ఆరవ దోషమును చదివినప్పుడెల్ల నాకు శ్రీరామసాగరమే జ్ఞప్తికి వచ్చును. ఆ జలాశయపు వెనుకజలము మహారాష్ట్ర సరిహద్దును ముట్టును. సరిహద్దున కావల బాభ్లీ వద్ద ఎగువ రాష్ట్రము ఆనకట్ట కట్టగా, వ్యాజ్యము సుప్రీముకోర్టుదాక పోయినది. 2013లో వెలువడిన తీర్పు ప్రకారము ప్రతి సంవత్సరము జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు బాభ్లీ గేట్లు ఎత్తియుంచవలెను. ఆరువందల యేండ్ల క్రిందటి శాసనకర్త ఈ సంగతి ఎరుగడు. కాని రెండు ప్రభుత్వముల నడుమ నీరు నిలిచిన చోట తగవు కూడ నిలుచునని ఎరుగును.

తెలంగాణములో చెరువుల నిర్మాణము కాకతీయుల కాలమున ఉచ్చదశ నందెను. చెరువు త్రవ్వించుట సప్తసంతానములలో ఒకటియని నాటివారి నమ్మకము. గణపతిదేవుని కాలమున (1199–1262) పాకాల, రామప్ప వంటి పెద్ద చెరువులు వెలసినవి. ఆయన సోదరి మైలాంబ బయ్యారము చెరువును త్రవ్వించి శాసనము వేయించెను. ఐతే పెద్ద చెరువులను మాత్రమే చూచువారు అసలు రహస్యమును పోగొట్టుకొందురు. కరీంనగరము, ఆదిలాబాదు పరగణాలలో నేల ఎగుడుదిగుడు. వానకాలములో పొర్లి, వేసవిలో ఎండిపోవు వాగులే ఎక్కువ. అట్టిచోట ఒక్క వాగు మీద పై నుండి క్రిందికి వరుసగా చెరువులు కట్టుదురు. పై చెరువు నిండి మత్తడి దూకిన నీరు క్రింది చెరువునకు పోవును. మత్తడినే ఇతర సీమలలో అలుగనియు, కలుజనియు అందురు. పై ఆయకట్టునుండి ఇంకిన నీరు సైతము క్రిందనే తేలును. దీనినే గొలుసుకట్టు అందురు. గొలుసులో ఒక్క లంకె తెగినను క్రింది వానికి చేటు. పైకట్ట తెగినచో క్రింది కట్టలపై వరద ఒక్కసారిగా వచ్చి పడును. పై వాగును పూడ్చి ఇండ్లు కట్టినచో క్రింది చెరువులు ఎండును.

ఈ వ్యవస్థను నడిపినవాడు రాజు కాడు, నీరటి. తూము ఎత్తుట, దించుట, మడి మడికి నీరు పంచుట, వానరాత్రి కట్ట మీద కావలి యుండుట, ఎలుక బొరియ కనబడినచో ఊరిని లేపుట, ఇవి అతని పనులు. పంట కళ్లమున అతనికి గింజలలో మేర కొలుతురు. వేసవిలో చెరువు ఎండగానే రైతులు బండ్లు కట్టి ఒండ్రుమట్టిని పొలములకు తోలుకొనుచుండిరి. అందుచేత పూడిక తీయుట, ఎరువు వేయుట ఒక్క పనియే. వానినీటితో కొట్టుకొనివచ్చిన సన్నని బంక, కుళ్లిన ఆకు, పశువుల పేడ ఆ మట్టిలో నుండుటచే చల్క నేలకు తేమ పట్టు శక్తి వచ్చును.

ఆసఫ్‌జాహీల కాలమున సైతము కొత్త కట్టడములు లేచినవి. నిర్మల్ జిల్లా ఖానాపురము వద్ద గోదావరి మీద 1891-92లో కట్టిన సదర్‌మాట్ ఆనకట్ట, 1897లో కట్టిన కామారెడ్డి పెద్ద చెరువు అట్టివి. ఈ రెంటిని 2018లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు వారసత్వ కట్టడములుగా గుర్తించిరి. పోరుమామిళ్ల చెరువునకు 2020లో అదే గౌరవము దక్కినది. గమనింపదగిన దేమన, ఇవి కట్టడములుగా గుర్తింపబడినవే గాని, చిత్తడినేలలుగా కాదు. రాయి లెక్కకు వచ్చినది. దాని వెనుక నిలిచిన బురద, తుంగ, కలువ, చేప, కొంగ లెక్కకు రాలేదు.

ఆ లెక్కకు రానివాటిని గురించి కొంచెము చెప్పవలెను. చెరువు ఒక నీళ్లతొట్టి కాదు. కట్టవద్ద లోతు, ఎగువకు పోవుకొలది నీరు పలుచబడి, చివరకు మోకాలిలోతు, చీలమండలోతు, పిమ్మట తడినేల. ఈ పలుచని అంచే చెరువునకు వంటయిల్లు. వెలుతురు అడుగువరకు పోవుటచే నాచు, తుంగ, జమ్ము అచ్చటనే పెరుగును. నత్తలు, పురుగులు అచ్చటనే చేరును. వానికొరకు నత్తగుల్లకొంగ, ఉల్లంకిపిట్ట అచ్చటికే వచ్చును. తెలంగాణ రాష్ట్రము 2016లో రాష్ట్రపు చేపగా ఎన్నుకొన్న కొరమీను ఈ అంచునకు బిడ్డ. అది నీటిపైకి వచ్చి గాలిని నేరుగా పీల్చగలదు; చెరువెండినచో తడి బురదలో దాగి కొంతకాలము బ్రదుకగలదు. గ్రుడ్లు పెట్టుటకు దానికి కలుపు మొక్కలుగల పలుచని నీరు కావలెను; అచ్చట మొక్కలను తొలగించి గూడు చేసికొని, పిల్లలను తల్లిదండ్రులు కాచును. కట్టవద్ద ఇరువదడుగుల లోతుండి అంచు లేని చెరువులో కొరమీను పిల్లలను సాకలేదు.

అంచు ఎచ్చటివరకు ఉన్నదో నీరు లేనప్పుడు ఎట్లు తెలిసికొనుట? విద్యార్థులు స్వయముగా చేయదగిన పరీక్ష ఒకటి కలదు. చెరువు ఎగువభాగమున జానెడు లోతు త్రవ్వి మట్టి రంగు చూడుడు. చాలకాలము నీటిలో మునిగిన మట్టిలోనికి గాలి చేరదు. అప్పుడు మట్టికి ఎరుపు నిచ్చు ఇనుము రూపుమారి నీటిలో కరుగును. మట్టి బూడిదరంగునకు తిరుగును. మొక్కల వ్రేళ్లు లోనికి గాలిని కొనిపోవును గనుక వ్రేళ్లవెంబడి మాత్రము త్రుప్పురంగు చారలు మిగులును. బూడిద నడుమ త్రుప్పు చారలున్నచో ఆ నేల ఏటేట నానుచున్నదని తెలియును. చల్క నేలలలో ఇది స్పష్టము. బాసర చుట్టునున్నట్టి నల్లరేగడిలో మాత్రము నలుపు ఈ రంగులను కప్పివేయును. కావున అచ్చట మొక్కలను బట్టియు, పాత కాగితములను బట్టియు నిర్ణయింపవలసియుండును.

పాత కాగితములనగా భూమి లెక్కలు. తెలంగాణములో చెరువు గర్భమునకు శిఖమని పేరు. నిజాము కాలపు సేత్వారులో, 1954-55 నాటి కాస్రా పహాణీలో శిఖము సర్వే నంబర్లు కనబడును. నీరు దిగినప్పుడు శిఖములో దోస, పుచ్చ, జొన్న వేసికొనుట పాత అలవాటే. నీరు వచ్చినప్పుడు విడిచిపెట్టుదురు. ఈ విడిచిపెట్టు అలవాటు తప్పినప్పుడు చిక్కు మొదలగును. తరువాతి దశాబ్దములలో బావులు, కరెంటు మోటార్లు, బోర్లు ప్రబలినవి. స్వంత బోరున్న రైతునకు మత్తడి తెగిన సంగతి పట్టదు. నీరటి మేర ఆగినది. చెరువుల బాధ్యత సర్కారు శాఖలదైనది. శాఖకు కట్ట తెలియును గాని ఎలుక బొరియ తెలియదు. పట్టణముల సమీపమున శిఖములు ఇండ్లస్థలములైనవి.

2015 మార్చి 12న నిజామాబాదు జిల్లా సదాశివనగరములో (ఆ ఊరు ఇప్పుడు కామారెడ్డి జిల్లాలోనిది) మిషన్ కాకతీయ ప్రారంభమైనది. రాష్ట్రములో 46,531 చెరువులు, కుంటలు ఉన్నవని లెక్కించి, విడతలవారీగా పూడిక తీయుట, కట్టలు, తూములు, మత్తడులు బాగుచేయుట దాని ఉద్దేశము. ఒండ్రుమట్టిని రైతులు తమ ఖర్చుతో పొలములకు తోలుకొనవలెనను ఏర్పాటు పాత పద్ధతికి పునర్జన్మమే. ఎన్నేండ్లుగానో ఎవరును తలపెట్టని పని యది, మెచ్చుకొనవలెను.

ఐనను ఒక్క మాట. బండితో తీసిన పూడిక వేరు, యంత్రముతో తీసిన పూడిక వేరు. పారపని చేయువాడు బంకపొర తగులగానే ఆగును. పోరుమామిళ్ల శాసనము కోరిన గట్టి బంకనేల అదే, దానిని చీల్చినచో చెరువు చిల్లికుండ యగును. యంత్రము చేయి ఆ భేదమును తనంత తాను ఎరుగదు. మరియు గర్భమంతయు ఒకే లోతున పెట్టెవలె త్రవ్వినచో టి.ఎం.సి.ల లెక్క పెరుగును గాని పలుచని అంచు పోవును. చెరువును పునరుద్ధరించుట యనగా నీటి పరిమాణమును పునరుద్ధరించుట మాత్రమేనా, దాని వాలును, అంచును, దానికి నీరు తెచ్చు కట్టుకాలువను కూడ పునరుద్ధరించుటయా అను ప్రశ్న ఇంజనీర్ల ఎదుటను, జీవశాస్త్రజ్ఞుల ఎదుటను సమానముగా నున్నది. పాకాల దీనికి ఒక పాఠము. దాని పరీవాహప్రాంతపు అడవి 1952లో అభయారణ్యమైనది. అడవి నిలిచిన చోట వాననీరు మెల్లగా దిగును, మట్టి తక్కువగా కొట్టుకొనివచ్చును. ఎనిమిది వందల యేండ్ల చెరువు నేటికిని చెరువుగా నుండుటకు కట్ట బలమెంత కారణమో, అడవియు అంత కారణము.

దీనికి ప్రతిగా శ్రీరామసాగరమును చూడుడు. కట్టినప్పుడు 112 టి.ఎం.సి.లు పట్టునని లెక్క. తరువాతి సర్వేలో అది సుమారు 90కి దిగినది. పిమ్మట 80 చిల్లరకు దిగినది. గోదావరి దక్కను పొలములనుండి తెచ్చిన మన్ను అడుగున చేరినది. చెరువు మట్టిని ఊరివారు బండ్లతో ఎత్తగలరు. ఇంత పెద్ద జలాశయపు మట్టిని ఎత్తుట ఊరివారి తరము కాదు. ఐతే ఇంజనీరుకు నష్టమైన ఆ మట్టియే బాసర వైపున, నీరు దిగిన తరువాత, పచ్చికబయలును, బురదరేవును సృష్టించినది. చలికాలమున నీటిపక్షులు దిగునది ఆ బయళ్లమీదనే.

ఇప్పుడు ముందు చెప్పిన వింతకు వత్తము. దేశములోని చిత్తడినేలలను లెక్కించుటకు అహమ్మదాబాదులోని అంతరిక్ష ఉపయోగముల కేంద్రము ఉపగ్రహ చిత్రములను వాడినది. పరారుణ కిరణములను నీరు మ్రింగివేయును, పచ్చని ఆకు త్రిప్పి కొట్టును; కావున ఆ కిరణములతో తీసిన చిత్రములో నీరు నల్లగాను, పైరు మెరయుచును కనబడును. 2011లో వెలువడిన అట్లాసులో 2.25 హెక్టారులకు పైబడినవి 2,01,503 తేలినవి. అంతకు చిన్నవి 5,55,557 చుక్కలుగా మాత్రమే గుర్తింపబడినవి. మన కుంటలలో అనేకము ఆ చుక్కలలోనివే.

అట్లాసు చూచినదానిని చట్టము చూడవలెను గదా! 2010 నాటి కేంద్ర నియమావళిలో చెరువులు, జలాశయములు సైతము చిత్తడినేలలలో చేరియుండెను. దాని స్థానమున 2017 సెప్టెంబరులో వచ్చిన కొత్త నియమావళి కొన్నిటిని మినహాయించినది: నదీగర్భములు, వరిపొలములు, త్రాగునీటికై కట్టిన చెరువులు, నీటిపారుదలకై కట్టిన కట్టడములు మొదలైనవి. మినహాయింపునకు న్యాయము లేకపోలేదు. ప్రతి వరిమడిని చిత్తడినేల యన్నచో రైతు నాగలి కట్టుటకే అనుమతి కోరవలసి వచ్చును. కాని బాసర గట్టు మీదికి మరల రండు. ఎదుటనున్నది నదీగర్భము, మినహాయింపబడినది. దానిని నింపినది నీటిపారుదల జలాశయము, మినహాయింపబడినది. ఆవల వరిపొలములు; అవియు మినహాయింపబడినవి. వెనుకకు తిరిగినచో ఊరి చెరువు. అది కట్టబడినది సాగునకే. రామ్‌సర్ నిర్వచనము ప్రకారము కంటికి కనబడినంత మేర చిత్తడినేల. నియమావళి ప్రకారము అచ్చట చిత్తడినేలయే లేదు.

చెరువులకు ఏ రక్షణయు లేదనుట మాత్రము సరికాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము కలదు; రెవిన్యూ నిబంధనలు కలవు. అవి నీటిని, శిఖమును కాచునవి. అంచున నున్న జీవజాలమునకు వానిలో చోటు తక్కువ. 2017లోనే సుప్రీముకోర్టు అట్లాసులోని 2,01,503 తావులను కాపాడవలెనని చెప్పినది. 2024 డిసెంబరులో, కొత్త లెక్కలోని 2,31,195 తావులను నేలమీదికి పోయి సరిచూచి హద్దులు గుర్తింపుడని రాష్ట్రములను ఆదేశించినది. నేలమీదికి పోయి సరిచూచుట యనగా ఎవరో ఒకరు తూము దగ్గర నిలిచి, నీరు ఎంతవరకు వచ్చునో ఊరివారి నడిగి, రాయి పాతుటయే.

ఉపాధ్యాయులు తలచుకొన్నచో ఈ పనిలో కొంత పాఠశాలయే చేయగలదు. మత్తడి దూకిన దినమున విద్యార్థులను వెంటబెట్టుకొని చెరువు చుట్టు నడిచి, నీరు తాకిన అంచున గుర్తులు పెట్టించుడు. గ్రామ నక్షాలోని శిఖము హద్దుతో దానిని పోల్చుడు. మరల మాఘమున, వైశాఖమున నడిచి అంచు ఎంత జరిగినదో అడుగులతో కొలిపించుడు. ఏ నెలలో ఏ పక్షి, ఏ మొక్క అంచున నున్నదో వారి మాటలలోనే వ్రాయించుడు. శాస్త్రనామములు తరువాత వెదకవచ్చును. బాసరలోని పిల్లలకు ఇంకను సులభము: గట్టు మెట్లకు పైనుండి అంకెలు వేసికొని, నెలకొకసారి నీరు ఎన్నవ మెట్టున నున్నదో పలకమీద కాక పుస్తకములో వ్రాసికొనిన చాలును.